గెట్లు లేని నీళ్లు

బోరు బండి లేపే తెల్లదుమ్ముకు ఒక వాసన ఉంటుంది. బండరాయి కాలిన వాసన. అందులో కొంచెం తడి కలిసిందంటే చాలు, చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఒక అడుగు ముందుకు జరుగుతారు. 2016 ఎండాకాలంలో మా మనోహరాబాదులో ఎవరూ అలా ముందుకు జరగలేదు. మా పొలంలో బోరు వేసింది ఆ ఏడు శివరాత్రికి ముందో తర్వాతో ఇప్పుడు తేల్చి చెప్పలేను. ముందే అంటుంది అమ్మ. అడుగుదామంటే నాయిన లేడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసిన మనిషి ముఖం కూడా చెరిగిపోయింది. రాత్రంతా మోగిన ఆ బండి చప్పుడు మాత్రం గుర్తుంది. తెల్లారేసరికి చింతచెట్టు ఆకుల మీద, బర్రె వీపు మీద, నాయిన కనుబొమ్మల మీద అదే దుమ్ము. డ్రైవరు బండి ఆపి, "ఇంకో వంద ఫీట్లు పోదామా పటేలా?" అని అడిగాడు. నాయిన నోరు తెరవలేదు. చేత్తోనే వద్దన్నాడు.

మా దిక్కు నేల కింద ఉండేది రాయి. పైన కొంత మొరం, దాని కింద గ్రానైటు. ఆ రాతిలో పగుళ్లున్న చోటే నీళ్లు. వానలు పడి చెరువు నిండితే ఆ పగుళ్లు నిండుతాయి, లేకపోతే ఎంత లోతుకు పోయినా దుమ్మే. అప్పటికి వరసగా రెండేళ్లు కాలం కాలేదు. దేశం మొత్తం మీద నైరుతి వానలు 2014లో 12 శాతం, 2015లో 14 శాతం తక్కువ పడ్డాయని పేపర్లో రాశారు. 2015 నవంబరులో ప్రభుత్వం తెలంగాణలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. ఉమ్మడి మెదక్ జిల్లాలోని 46 మండలాలూ అందులో ఉన్నాయి. మేమప్పుడు తూప్రాన్ మండలం కింద ఉండేవాళ్లం. ఆ వార్త చదివి వినిపిస్తే నాయిన చెరువు దిక్కు చూసి, "బర్లు ఈత కొట్టిన జాగల పోరగాళ్లు క్రికెట్ ఆడవట్టిరి. ఇంక చెప్పేదేమున్నది" అన్నాడు.

నేను కాళ్లకల్ దగ్గర ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసేవాణ్ణి. వయసులో ఉన్నాను, వ్యవసాయమంటే విసుగు, నెల జీతమంటే గౌరవం. డ్యూటీ దిగి వచ్చేటప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద గాలి ముఖానికి తగిలితే రెప్పలు మూసుకుపోయేవి. సైకిల్ మోటారు హ్యాండిలు పట్టుకోవాలంటే చేతులకు తువ్వాల చుట్టుకోవాలి. అంతకుముందు ఏడాది, 2015 మే నెలలో, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడగాలికి రెండు వేల మందికి పైగా చచ్చిపోయారు. ఆ భయం ఇంకా పోకముందే, 2016లో ఎండలు ఏప్రిల్లోనే ముదిరాయి. రాజస్థాన్‌లోని ఫలోదిలో 51 డిగ్రీలు కొట్టిందని మే నెలలో టీవీలో చెప్పినప్పుడు మాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. మా రేకుల షెడ్డులో ఎన్ని డిగ్రీలున్నదో కొలిచినవాళ్లు లేరు. ఇనుము కరిగించే కొలిమి ముందు బీహారు, ఒడిశా పిల్లలు పనిచేసేవాళ్లు. వాళ్లలో ఒకబ్బాయి నిమ్మకాయ పిండుకున్న ఉప్పునీళ్లు తాగుతూ, తన ఊళ్లోనూ బావులు ఎండిపోయాయని, తల్లి ఫోనులో అదే చెబుతున్నదని అన్నాడు. అతని పేరు గుర్తు లేదు. మెడ మీద ఎండిన ఉప్పు చారలు గుర్తున్నాయి.

ఇంట్లో కష్టం వేరే తీరుది. మా వాడకట్టు చేతిపంపు హోలీ నాటికే గాలి పోసింది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఒకరోజు తెల్లవారుజామున, ఒకరోజు మిట్టమధ్యాహ్నం, ఒక్కోసారి రాత్రి అందరూ పడుకున్నాక. అందుకని ఆడవాళ్లు నిద్ర మానుకున్నారు. రోడ్డు పక్కన బిందెల వరస. స్టీలు బిందెలు, ప్లాస్టిక్ బిందెలు, నూనె డబ్బాలు. ఎవరి బిందె ఏదో చీకట్లో తడిమి చెప్పేవాళ్లు. ఆ నీళ్లకు బ్లీచింగ్ పౌడరు వాసన. రంజన్‌లో పోసి రాత్రంతా ఉంచినా పోయేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, స్నానం చేసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. అమ్మ అన్నం మానేసి అంబలి తాగేది. ఒంటికి చలువ అనేది. గిన్నెలు కడగడానికి నీళ్లు మిగులుతాయని అలా చేసిందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. బర్రెను ఆ వేసవిలోనే అంగడికి తోలాం. ఎంతకు అమ్మామో చెప్పడం నాయినకు ఇష్టముండేది కాదు, నేనూ అడగలేదు.

మా పొలం పక్కనే వరుసకు మామ అయ్యే ఒకాయన పొలం. మాకు దుమ్ము పోసిన నేల ఆయన గెట్టు దాటగానే కొంచెం నీళ్లు పోసింది. ఆ బోరు మీద ఆయన యాసంగి వరి వేశాడు. వరి పొట్టకొచ్చింది. ఇంకో నాలుగైదు తడులు అందితే గింజ గట్టిపడేది. అప్పుడే ఊళ్లో తాగునీళ్ల కోసం రైతుల బోర్లు అద్దెకు తీసుకుంటామన్నారు. ఆయన బోరుకు నీళ్లున్నాయి గనక అందరి చూపూ అటే తిరిగింది. అడగడానికి వెళ్లినవాళ్లతో నాయిన కూడా వెళ్లాడు, వెనక నేను. మామ చాలాసేపు మాట్లాడలేదు. మడి దిక్కే చూస్తూ కూర్చున్నాడు. అత్త అందరికీ చల్ల పోసింది.

చివరికి ఆయన నాయినతో అన్న మాట ఇది: "నీ బోరుల పడని నీళ్లు నా బోరుల వడ్డయి. అవి నావెట్లయితయి బావా? గెట్లు మీదున్నయి గని కిందెక్కడున్నయి?"

మర్నాడు పైపు మలిపారు. ఆ పొద్దు ఆయన ముద్ద ముట్టలేదని అత్త తర్వాత చెప్పింది. పది పన్నెండు రోజుల్లో మడి నెర్రెలు పారింది. పొట్టలో గింజ పాలు ఎండిపోయి తాలుగా మిగిలింది. అప్పుడు గొర్రెలవాణ్ణి పిలిచి మడిలోకి తోలించాడు. పచ్చి వరిని గొర్రెలు కొరికే చప్పుడు నేను గెట్టు మీద నిలబడి విన్నాను. మామ అక్కడ లేడు. ఇంట్లో పడుకుని గోడ దిక్కు తిరిగి ఉన్నాడు. అద్దె డబ్బులు ఎప్పుడొచ్చాయో, పెట్టుబడిలో ఏ మాత్రం తీరిందో నాకు తెలియదు. వచ్చిన నీళ్లతో మాత్రం మా వాడకట్టులో ప్రతి ఇంటికీ రోజూ కొన్ని బిందెలు దక్కాయి. ఆడవాళ్లు మళ్లీ రాత్రిపూట కొద్దిగానైనా నిద్రపోయారు.

ఆ రోజుల్లోనే మహారాష్ట్రలోని లాతూరుకు రైలులో నీళ్లు తీసుకుపోతున్నారని టీవీలో చూపించారు. మొదటి రైలు ఏప్రిల్ 12న చేరింది. పది వ్యాగన్లు, ఐదు లక్షల లీటర్లు. మా స్టేషను మీదుగా రోజూ ఎన్నో రైళ్లు పోతాయి గనక ఆ బొమ్మ మాకు దగ్గరగా అనిపించింది. లాతూరు తాగేది మంజీర నీళ్లే. ఆ నదే కిందికి వచ్చి మా ఉమ్మడి జిల్లాలో సింగూరు రిజర్వాయరును నింపాలి. పైన తాగడానికి లేనిది కిందికేం వస్తుంది? దాదాపు 30 టీఎంసీల సింగూరు అడుగంటింది. మంజీర బ్యారేజీ ఎండింది. దశాబ్దాలుగా మా జిల్లా నీళ్లు తాగిన హైదరాబాదు ఆ వేసవిలో కృష్ణా, గోదావరి పైపుల మీద బతికింది. ఏడుపాయల గుడి దగ్గర బండల నడుమ మంజీర ఇసుకగా కనిపించిందని జాతరకు పోయొచ్చిన మా చిన్నమ్మ చెప్పి, అమ్మవారి ముందర నీళ్లు లేకపోవడం చూడలేకపోయానని కళ్లు తుడుచుకుంది.

బడులు ఏప్రిల్ 16 నుంచే మూసేశారు. కరువు మండలాల్లో సెలవుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టారు. నెత్తి మీద పళ్లెం బోర్లించుకుని పిల్లలు బడికి పోవడం, తిని వేపచెట్టు కిందే ఎండ తగ్గేదాకా కూర్చోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది. వాళ్లలో ఒక పిల్ల సగం అన్నం చున్నీలో మూట కట్టుకునేది. ఇంట్లో తమ్ముడున్నాడట, ఇంకా బడికి వచ్చే ఈడు కాదు.

ఉపాధి పనికి పోయి వచ్చిన ఒక పెద్దమనిషి మా వాడలో గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. తడిగుడ్డ చుట్టారు, ఉల్లిగడ్డ రసం అరికాళ్లకు రాశారు, ఆటో వచ్చేలోపు పోయాడు. వడదెబ్బ అని కాగితం మీద రావాలంటే పోస్టుమార్టం కావాలన్నారు. భార్య ఒప్పుకోలేదు. "ఎండకు కాలిన పెయ్యిని మళ్లా కోయనియ్య" అన్నది. అందుకని ఆయన ఆ లెక్కలో లేడు. ప్రభుత్వాలు వడగాలి చావుల సంఖ్య చెప్పిన ప్రతి వేసవిలో నాకు ఆమె మాట వినిపిస్తుంది. ప్రకటించిన అంకె పక్కన ప్రకటించని గుమ్మాలు ఎన్ని ఉంటాయో అనుకుంటాను.

ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథను ప్రధాని మోదీ ప్రారంభించారు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేసే రైలు మార్గానికి శంకుస్థాపన కూడా అక్కడే జరిగింది. మా ఊరి పేరు ఆ రోజు టీవీలన్నింటిలో వినిపించింది. మేము మబ్బుల కోసం చూస్తున్నాం. సెప్టెంబరు చివర్లో పడ్డ వాన ఆపకుండా పడింది. సింగూరు నిండి గేట్లు ఎత్తారు, ఏడుపాయల గుడిని మంజీర ముంచింది. నాయిన తడుస్తూనే చెరువు కట్ట మీదికి పోయాడు. మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీసి ట్రాక్టర్లలో పొలాలకు తోలిన ఏళ్లవి. చెరువులోకి నీళ్లు దిగుతున్న ఒర్రె దగ్గర చాలాసేపు నిలబడి వచ్చి, "మూడేండ్ల ఆకలి అది. తాగనియ్యాలె" అన్నాడు. అక్టోబరులో దసరా నాడు మా ఊరు మండలమయ్యింది.

తర్వాత మంచి రోజులూ చూశాం. నల్లా నీళ్లు వాకిట్లోకి వచ్చాయి. 2018 జనవరి నుంచి సేద్యానికి ఇరవై నాలుగు గంటల కరెంటు. 2021 ఏప్రిల్లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీళ్లను హల్దీ వాగులోకి వదిలితే, నిండు ఎండల్లో వాగు పారడం చూడ్డానికి అమ్మను బండి మీద తీసుకుపోయాను. చెక్‌డ్యాం మీది నుంచి దూకే నీళ్లలో ఆమె చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉంచింది. ఆ రోజుకు నాయిన లేడు.

అయితే ఇరవై నాలుగు గంటల కరెంటుతో మోటార్లు ఇరవై నాలుగు గంటలూ తోడగలవు. హైవే పొడుగునా పొలాలు ప్లాట్లవుతున్నాయి. ప్రతి వెంచరుకూ ఒక గేటు, ఒక ప్రహరీ, లోపల ఒక బోరు. నాయిన నిలబడి చూసిన ఆ ఒర్రె ఇప్పుడు ఒక వెంచరు రోడ్డు కింద ఉంది. వాన పడితే ఆ నీళ్లు చెరువు దారి తెలియక హైవే మీదికి వస్తున్నాయి. మామ పొలం కూడా అమ్ముడుపోయింది. ఆ బోరు మూత పడి ఉంది. అక్కడ ప్లాటు కొన్నవాళ్లకు ఒక వేసవిలో ఆ గొట్టం నుంచి ఒక వాడకట్టు నీళ్లు తాగిందని తెలియదు.

కరువు మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఎండలైతే ఏటేటా ముదురుతున్నాయి. కరువు వచ్చినప్పుడు ట్యాంకర్లు ఎన్ని కావాలో లెక్క వేసుకోవడం కన్నా ముందు చేయాల్సింది ఉంది. మీ ఊరి చెరువులోకి నీళ్లు ఏ దారిన వస్తాయో నడిచి చూడండి. ఆ దారి మీద గోడ లేస్తుంటే పంచాయతీలో అడగండి, గ్రామసభలో రాయించండి. ప్లాటు కొనేముందు అది ఒర్రె కాదు కదా అని ఊరి పెద్దవాళ్లను అడగండి. భూమిని గజాల్లో కొనుక్కోవచ్చు, దాని కింది నీళ్లు మాత్రం ఊరందరివి.