చెత్తకుప్పలోని వెలుగు

సూర్యోదయమునకు ముందే హైదరాబాదు నగరమునందలి బోయినపల్లి కూరగాయల మార్కెట్టు మేల్కొనును. ఊళ్ళనుండి వచ్చిన లారీలు వరుసతీరి నిలుచును. హమాలీలు బస్తాలు దింపుదురు, వర్తకులు బేరములాడుదురు, త్రాసులు పైకి క్రిందికి ఊగుచుండును. ఎండ ముదురునప్పటికి సందడి తగ్గును. అప్పుడు నేలపై మిగులునవి యేవి? నలిగిన టమాటాలు, క్యాబేజీ పైఆకులు, ముదిరిన బెండకాయలు, కుళ్ళిన వంకాయలు. ఉదయమున వెల పలికిన సరకే మధ్యాహ్నమునకు ముక్కు మూసికొనవలసిన చెత్తయగును. రైతు చెమటయు, నేల సారమును, ఎండవేడిమియు అందులో దాగియున్నవి. కాని దానిని కొనువాడు లేడు.

ఇట్టి చెత్తను బండ్లకెత్తి ఊరి వెలుపల గుట్టగా పోయుట నగరములకు చిరకాలపు అలవాటు. కంటికి కనబడకున్నచో పీడ విరగడయైనదని మనుజుడు తలచును. అది పొరపాటు. గుట్ట లోపలికి గాలి చొరదు. గాలి లేనిచోట బ్రదుకు సూక్ష్మజీవులు ఆ పదార్థమును కుళ్ళబెట్టి మీథేను అను వాయువును పుట్టించును. ఈ వాయువు భూగోళమును వేడెక్కించుటలో, నూరేండ్ల కాలమునకు లెక్కించినచో, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు బలమైనది. గుట్ట అడుగునుండి కారు నల్లని రసము నేలలోనికింకి బావినీటిని చెడగొట్టును.

అయితే హాని చేయు ఆ వాయువే అదుపులోనుంచినచో పొయ్యిలో మంటయై అన్నము వండును. ఈ సంగతి క్రొత్తది కాదు. 1776వ సంవత్సరమున ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరె సరస్సు ఒడ్డున బురదను కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, అవి మండు వాయువని కనుగొనెను. తరువాతి కాలమున విద్యుత్ ఘటమును నిర్మించి లోకప్రసిద్ధుడైనవాడు ఇతడే.

మన పల్లెలలో పేడనుండి ఈ వాయువునే తీయుదురు. గోబరు గ్యాసు అని దానికి వాడుకపేరు. 1960ల నుండి ఖాదీ గ్రామోద్యోగ సంస్థ దీనికి విశేష ప్రచారము కల్పించెను. ఇటుకలతో కట్టిన గోతిలో పేడనీళ్ళు పోసి, పైన ఇనుప డ్రమ్మును బోర్లించుదురు. వాయువు నిండినకొలది డ్రమ్ము లేచును, వాడినకొలది దిగును. పొయ్యివద్ద పొగ యుండదు. గోతినుండి వెలువడు పేడ రొచ్చు పొలమునకు మంచి ఎరువగును.

ఇంత శ్రమ యేల, చెత్తనంతను ఒక్కచోట కాల్చి ఆ వేడితో విద్యుత్తు తీయరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. ఢిల్లీలోని తిమార్‌పూరులో 1987లో అట్టి ప్రయత్నమే జరిగెను. దినమునకు 300 టన్నుల చెత్తను కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు నిచ్చుటకు అచ్చట నొక కర్మాగారమును కట్టిరి. యంత్రములు దొడ్డవి. కాని అది మూడు వారములపాటు నడచి నిలిచిపోయెను. మంట నిలుపుటకు యంత్రము కోరిన వేడి ఆ చెత్తయందు లేకపోయెను. మన నగరములలోని చెత్తలో తడి యెక్కువ, మన్నును ఎక్కువ. పచ్చికట్టెతో పొయ్యి రాజవేయబోయిన వంటవాని పాట్లే ఆ కర్మాగారమునకును వచ్చినవి. పదార్థము యొక్క స్వభావము నెఱుగక ఉపాయమును నిర్ణయింపరాదను పాఠమును అది దేశమునకు నేర్పెను. పొడి వస్తువునకు నిప్పు తగును. తడి వస్తువునకు సూక్ష్మజీవియే తగును.

కూరగాయల విషయమున మరియొక చిక్కు గలదు. పేడ మెల్లగా కుళ్ళును; పశువు కడుపులోని సూక్ష్మజీవులును దానివెంట వచ్చును. కూరగాయలట్లు కావు. అవి మిక్కిలి వేగముగా కుళ్ళి పులిసిపోవును. ఈ పనిలో రెండు తెగల జీవులు పాల్గొనును. మొదటి తెగ కాయను విరిచి ఆమ్లములుగా మార్చును. రెండవ తెగ ఆ ఆమ్లములనుండి పుట్టినవానిని తిని మీథేనును విడుచును. మొదటివి త్వరగా పెరుగును. రెండవవి మెల్లగా పెరుగును. తొందరపడి ఎక్కువ మేత వేసినచో ఆమ్లము పేరుకొని రెండవ తెగ నశించును. అప్పుడు తొట్టిలో దుర్గంధమే గాని వాయువు మిగులదు. ఈ రెండు తెగలను ఒకే యింట కలహము లేకుండ కాపురము చేయించుటయే రసాయన ఇంజనీరు పని.

హైదరాబాదులోని తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యున్నది. 1944లో స్థాపింపబడిన పరిశోధనాలయమే నేడీ పేరుతో వెలసియున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు గంగాగ్నిరావు గారి నాయకత్వమున ఈ చిక్కుపై పరిశోధించి, గ్యాస్ లిఫ్ట్ రియాక్టరు అను తొట్టిని రూపొందించిరి. వాయువు పైకి లేచునప్పుడు ద్రవమును తనతో లేవనెత్తును. ఆ బలముచేతనే లోపలి పదార్థము కలియబడును. క్రొత్త మేత అంతటను సమముగా పరచుకొనును. ఒకచోట ఆమ్లము పేరుకొనదు.

ఈ విధానముతో బోయినపల్లి మార్కెట్టులోనే ఒక కేంద్రమును నెలకొల్పిరి. 2021 జనవరి 31న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తమ రేడియో ప్రసంగమున ప్రస్తావించుటతో దాని పేరు దేశమంతట వినబడెను. ఆనాటి లెక్కల ప్రకారము అచ్చట దినమునకు సుమారు 10 టన్నుల చెత్తనుండి 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల ఇంధనమును లభించుచుండెను. చెత్తను ముక్కలు చేసి, నూరి, రసముగా తొట్టిలో పోయుదురు. పుట్టిన వాయువును పెద్ద సంచులలో నిలువజేసి జనరేటరునకు పంపుదురు. ఆ విద్యుత్తుతో మార్కెట్టులోని వీధిదీపములును, దుకాణములును వెలిగెను. కొంత వాయువు గొట్టముద్వారా అచ్చటి వంటశాలకు పోయెను.

10 టన్నులకు 500 యూనిట్లేనా యని కొందరికి తోచవచ్చును. కూరగాయలో నూటికి తొంబదివంతులు నీరేయని మరువరాదు. పదిటన్నులలో తొమ్మిది టన్నులు నీరు కాగా, మిగిలిన ఒక్కటన్ను సారమే పనిచేయును. ఇంజనులో మరల కొంత వేడి వృథాయగును. అయినను 500 యూనిట్లతో 10 వాట్ల దీపములు అయిదువేలు పదిగంటలపాటు వెలుగును. పైగా ఆ పది టన్నులు ఊరి వెలుపలి గుట్టను చేరలేదు. నగరమునకు కావలసిన విద్యుత్తునంతను చెత్తయే యిచ్చునని శాస్త్రజ్ఞుడు చెప్పడు. చెప్పినచో అది అసత్యమగును. కీడును మాన్పి, దానినుండి కొంత మేలు తీయుటయే ఈ విద్య ఫలము.

అయితే ఎంతటి తొట్టికైనను చేతకాని పని యొకటి యున్నది. ప్లాస్టిక్ సంచిని సూక్ష్మజీవి తినలేదు. అట్టివి లోపలికి పోయినచో మరకు చుట్టుకొని, గొట్టములకు అడ్డుపడి, పని నిలిపివేయును. కావున ఎవరో ఒకరు వానిని ఏరవలసియున్నది. ఇంటివద్ద వేరుచేయని చెత్తను పారిశుధ్య కార్మికురాలు తన చేతులతో వేరుచేయును. కుళ్ళిన అన్నపు ముద్దలో దాగిన గాజుపెంకు ఆమె వేలిని కోయును. పగిలిన గాజుగ్లాసును అన్నముతోపాటు బుట్టలో వేసినవాడు ఆ గాయమును ఎన్నడును చూడడు. ఆమె పేరును అతడెఱుగడు.

తడిచెత్త నొక బుట్టలో, పొడిచెత్త నొక బుట్టలో వేయుటకు ఏ గృహమునందైనను అరనిమిషము పట్టును. దానికి పట్టా అక్కరలేదు, ప్రయోగశాల అక్కరలేదు. పండ్రెండేండ్ల బాలుడును చేయగలడు. శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి చేసిన పరిశోధన ఫలించుటయు, ఫలింపకుండుటయు ఆ అరనిమిషముపై ఆధారపడియున్నది.

ప్రొద్దుగ్రుంకిన పిమ్మట అట్టి మార్కెట్టులో దీపములు వెలుగును. మరునాటి సరకుతో లారీలు ఆ వెలుతురులో వచ్చి నిలుచును. బుట్ట దింపుకొనుచున్న రైతునకు తలపైనున్న దీపము సంగతి తెలియకపోవచ్చును. నిన్న తన తోటనుండి వచ్చి, అమ్ముడుపోక నేలపై మిగిలిన టమాటాయే నేడు అతనికి దారి చూపుచుండవచ్చును.