పెద్ద చక్రాల మోజు

మా అబ్బాయి కొండ సైకిలుకు 26 అంగుళాల చక్రాలు. కోమటి చెరువు దగ్గర స్నేహితుడి 29 అంగుళాల బండి దాన్ని దాటిపోయిందట! ఇక ఆ చక్రాలే కావాలని ఒకటే పట్టు.

సిద్దిపేట మెకానిక్కు కొలిచి చూసి, "చక్రం ఎట్లనో ఎక్కిస్త గని సార్, బ్రేకు అందది" అన్నాడు. నిజమే మరి. టైరు కూర్చునే చోట రిమ్ము అడ్డుకొలత దీనికి 559 మిల్లీమీటర్లు, దానికి 622. అంత తేడా ఉంటే బ్రేకు రబ్బరు రిమ్మును వదిలి స్పోకులను పట్టుకుంటుంది.

"డిస్కు బ్రేకు పెట్టిద్దాం, నాన్నా!" అన్నాడు మావాడు. దానికి ఫ్రేములో తావు లేదు. పైగా ఫోర్కులో టైరు రాసుకుంటుంది.

వాడు మొహం ముడుచుకున్నాడు. వాళ్ళమ్మ మాత్రం కాఫీ అందిస్తూ, "ముందుకు పోయేవాణ్ణి ఎవరైనా చూస్తారు నాయనా, ఆగి ఇంటికొచ్చేవాడి కోసం నేను చూస్తాను" అంది.

ఆ మాటకు తండ్రీకొడుకులం ఇద్దరం నోరెత్తలేదు.