కుండ గుర్తును అడిగేవారెవరు?

సరుకు కొనేటప్పుడు మనము ధర చూస్తాము. అది నేలకు, నీటికి ఎంత చెరుపు చేస్తుందో చూడము. ఆ సంగతి తెలుపుటకే 1991లో మన కేంద్ర ప్రభుత్వము ఎకోమార్కును ఏర్పరచింది. దాని గుర్తు మట్టికుండ. సబ్బులకు, కాగితానికి, మరికొన్ని సరుకులకు నియమాలు వ్రాశారు. అయినను ఆ కుండ మా ఊరి అంగళ్లలో మాకు కనబడలేదు. అడిగేవారు లేనిచోట చేసేవారును తక్కువే.

ఎల్.ఇ.డి. బల్బుల సంగతి చూడండి. 2014 ఆరంభంలో ప్రభుత్వ సంస్థ ఒక్కొక్క బల్బును 310 రూపాయలకు కొన్నది. కోట్ల లెక్కన కొనగా 2016లో అది 38 రూపాయలకు దిగింది. పెద్ద చేయి మంచి సరుకునే అడిగితే అది పేదవాని ఇంటికీ చేరుతుంది.

మా సంఘానికి ఫ్యాన్లు కొన్నప్పుడు ఎక్కువ నక్షత్రాలున్నవే తెచ్చాము. ధర ఎక్కువని కొందరు పెద్దలు సణిగారు. కరెంటు బిల్లు కట్టేది కూడ కానుకల సొమ్ముతోనే గదా అన్నాము.

2024లో ఎకోమార్కుకు క్రొత్త నియమాలు వచ్చాయి. పంచాయతీ, బడి, హాస్టలు కొనేది మన పన్నుల సొమ్ముతోనే. కాబట్టి గ్రామసభలో లేచి అడుగుదాము: "కొనే సరుకు మీద ఏ గుర్తు ఉన్నది?"