సీసాలో సగం వంట

ఇండియానాపోలిస్ నుంచి ఈశాన్యంగా అరవై మైళ్లు కార్లో వెళితే మన్సీ అనే ఊరొస్తుంది. దారిపొడవునా కోతలైపోయిన మొక్కజొన్న చేలు, మోళ్ల మధ్య పలచగా పేరుకున్న మంచు, అక్కడక్కడా ధాన్యం నింపే ఇనుప గాదెలు. మన డెల్టాలో అయితే వరి కోయగానే మినుము పచ్చగా పరుచుకుంటుంది. ఇక్కడ వసంతం దాకా నేలకు చాలావరకు సెలవే! ఇంత బోసిగా కనిపించే ప్రాంతంలో పెరిగిన వస్తువొకటి అమెరికాలో ఎన్ని వంటిళ్లలో ఉందో లెక్కపెట్టలేం. అడ్డంగా ‘బాల్’ అని ఉబ్బెత్తు అక్షరాలున్న గాజు సీసా అది.

2023లో మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు ఆ సీసాతో నాకు పరిచయమైంది. క్రిస్మస్‌కి పది రోజుల ముందు పక్కింటావిడ గుమ్మంలో ఒకటి పెట్టి వెళ్లింది. అడుగున తెల్లటి పొర, దానిపైన గోధుమరంగు పొర, మళ్లీ తెలుపు, ఆపైన చాక్లెట్ ముక్కలు. మెడకు ఎర్ర దారంతో కట్టిన చీటీ. చూసి ముగ్గు పొడేమో అనుకుంటారు ఎవరైనా! చీటీ చదివితే తెలిసింది, అది కుకీల పిండి. వెన్న, ఒక గుడ్డు, కాస్త వెనిల్లా కలిపి ఓవెన్‌లో పెట్టడమే మనం చేయాల్సింది. క్రిస్మస్ ముందు అక్కడ బడిలో టీచర్లకూ చర్చిలో స్నేహితులకూ ఇరుగుపొరుగుకూ ఇలాంటివి ఇచ్చుకుంటారు. ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్‌కి కూడా! ఆయన నగదు తీసుకోకూడదు, ఇరవై డాలర్లకు మించిన బహుమతీ పుచ్చుకోకూడదు. సీసాడు పిండికి ఆ చిక్కు లేదు.

ఆ వారాంతంలోనే, ఆ సీసాలు పుట్టిన ఊరు చూద్దామని మన్సీ వెళ్లాం.

గ్యాస్ కోసం వచ్చిన అన్నదమ్ములు

నిజానికి ఈ సీసాకు మూలపురుషుడు బాల్ కాదు, జాన్ ల్యాండిస్ మేసన్. రేకు పనివాడు. 1858 నవంబరు 30న మరచుట్టు మూతి సీసాకు పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ జనం దాన్ని ‘మేసన్ జార్’ అనే పిలుస్తారు. పేరైతే మిగిలింది కానీ డబ్బు మిగల్లేదు. 1879లో పేటెంటు గడువు తీరిపోయింది, ఎవరైనా చేసుకోవచ్చన్నమాట. మేసన్ 1902లో పేదరికంలోనే కన్నుమూశాడు.

లాభం చూసింది బాల్ సోదరులు ఐదుగురు. వాళ్లది మొదట న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో. 1886లో అక్కడి ఫ్యాక్టరీ కాలిపోయింది. సరిగ్గా అప్పుడే మన్సీ చుట్టుపక్కల భూమిలో సహజవాయువు పడింది. గాజు కరగాలంటే కొలిమి రాత్రింబగళ్లు మండాలి. స్థలమిస్తాం, గ్యాస్ ఉచితంగా ఇస్తాం రండి అని ఊరు పిలిచింది. 1888లో మన్సీలో మొదటి గాజు తయారైంది. ఆ రోజుల్లో గ్యాస్ ఎప్పటికీ అయిపోదనుకుని జనం పగలు కూడా దీపాలు ఆర్పేవారు కాదట. ఇరవై ఏళ్లు తిరక్కుండానే నిల్వలు అడుగంటాయి. కొలిమి మాత్రం ఆరలేదు, 1962 వరకూ అక్కడ సీసాలు తయారయ్యాయి.

పాత బాల్ సీసాలు లేత నీలంగా ఉంటాయి. ఆ రంగు ఎవరూ కావాలని వేసింది కాదు. మిషిగన్ సరస్సు ఒడ్డున ‘హూసియర్ స్లైడ్’ అని రెండు వందల అడుగుల ఇసుక దిబ్బ ఉండేది. ఆ ఇసుకతో చేసిన గాజుకు ఆ నీలం వచ్చేది. తవ్వగా తవ్వగా 1920 నాటికి దిబ్బే లేకుండా పోయింది! కొండను సీసాల్లోకి ఎత్తిపోశారన్నమాట. ఇప్పుడా నీలం సీసాలు పాతవస్తువుల దుకాణాల్లో అమ్ముతుంటారు.

ఊళ్లో వైట్ నది ఒడ్డున బాల్ కుటుంబం ఇళ్లున్న చోట మినెట్రిస్టా అనే మ్యూజియం ఉంది. అన్నదమ్ముల్లో ఒకరి భవనం 1967లో కాలిపోగా, ముందున్న తెల్ల స్తంభాలు మాత్రం అలాగే నిలబెట్టారు. యూనివర్సిటీకీ వాళ్ల పేరే. అక్కడ రెక్కలున్న కంచు స్త్రీమూర్తి వెనక ఐదు స్తంభాలుంటాయి, ఐదుగురు అన్నదమ్ములకు గుర్తుగా. చెక్కింది డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్... వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్ విగ్రహం చేసినాయనే.

పొరల లెక్క

సీసా నింపడం అనుకున్నంత తేలిక కాదు. దానికో వరస ఉంది. క్వార్ట్ సీసాలో నాలుగు కప్పులు పడతాయి, మన లెక్కలో లీటరుకు కాస్త తక్కువ. మెత్తటివి అడుగున, గరుకువి పైన. చాక్లెట్ ముక్కల మీద మైదా పోశామంటే సందుల్లోంచి జారిపోయి పొరలన్నీ అలుక్కుపోతాయి. ఒక్కో పొర పోశాక చిన్న గ్లాసు అడుగుతో గట్టిగా అదమాలి. లేకపోతే సగంలోనే సీసా నిండిపోతుంది. సోడా ఉప్పు అడుగున మైదాలో కలిపేయాలి. బెల్లం వాసనొచ్చే గోధుమరంగు చక్కెరలో తేమ, పులుపు రెండూ ఉంటాయి, అది సోడాకు తగలకూడదు. చివర్లో ఖాళీ మిగిలితే ఇంకో గుప్పెడు చాక్లెట్ ముక్కలు. సీసా ఊపితే కదలకుండా నిండాలి, అదీ పరీక్ష.

పొడి పిండికి ఫర్వాలేదు కానీ, కొందరు సీసాలోనే కేకు కాల్చి వేడిమీద మూత బిగించి ఇస్తుంటారు. అది మాత్రం వద్దంటుంది జార్జియా యూనివర్సిటీలోని ఇంటి ఆహార నిల్వల జాతీయ కేంద్రం. గాలి ఆడని ఆ తేమలో బోట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి పెరగొచ్చు. అలాగే పచ్చి పిండి రుచి చూసే అలవాటు పిల్లలకుంటే మాన్పించాలి. 2016లో అమెరికాలో పచ్చి మైదా వల్లే పదుల మంది ఇ-కొలై బారిన పడ్డారు.

మన వంతు

సీసా బాగానే ఉంది, మరి తిరిగి ఇవ్వడమెలా? పొరుగింటి గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదని చిన్నప్పట్నుంచీ విన్నదాన్ని. పైగా నా ఆలోచన వేరే ఉంది. జనవరిలో నాకిచ్చిన ఆర్నెల్లూ అయిపోతాయి. అల్లుడు నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. పాపకు ఎనిమిది నెలలు. అర్ధరాత్రి జ్వరమొస్తే తలుపు తట్టడానికి ఆ వీధిలో మా అమ్మాయికి ఎవరూ తెలీదు. మూడేళ్లుగా పక్కింటావిడతో చెయ్యి ఊపడమే తప్ప మాటల్లేవు.

నిజానికి సగం వంట సీసాలో పెట్టి పంపడం మనకేం కొత్త? మనవరాలికి వేయించి విసిరిన ఉగ్గు పొడి, చారు పొడి, కంది పొడి... ఏ అమ్మ సూట్‌కేసు తెరిచినా అవేగా!

కట్టె పొంగలి ఖాయం చేశాం. రెండు కప్పుల బియ్యం, పైన దోరగా వేయించిన ఒకటిన్నర కప్పు పెసరపప్పు. పప్పు పూర్తిగా చల్లారాకే పోయాలి, లేకపోతే సీసాకు చెమట పడుతుంది. మిరియాలు, జీలకర్ర, జీడిపప్పు, గలగలలాడేలా ఎండబెట్టిన కరివేపాకు, చిటికెడు ఇంగువ విడిగా చిన్న కవర్లో కట్టి పైన పెట్టాం. పోపు వేరు కదా. సగం సీసాకు ఏడు కప్పుల నీళ్లు, నలభై నిమిషాలు సన్నసెగ, కుక్కర్ లేకపోయినా ఫర్వాలేదని చీటీ రాసింది మా అమ్మాయి.

“జీడిపప్పు ఉందని పెద్దక్షరాలతో రాయాలమ్మా, కొందరికి పడదు. గోధుమ ఉందనీ రాయాలి.”

“పొంగల్లో గోధుమేంటే?”

“ఇంగువలో” అంది, డబ్బా తిప్పి చూపిస్తూ. నిజమే, చాలా కంపెనీల ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది. ముప్ఫై ఏళ్లుగా పోపు పెడుతున్నా ఆ డబ్బా వెనక చదివింది లేదు.

సీసా ఇచ్చిన మూడోరోజు సాయంత్రం బెల్ మోగింది. మంచు బూట్లతో పక్కింటావిడ, చేతిలో చీటీ. “నెయ్యి కాచి, అని రాశారు. అంటే వెన్నేనా? నా గింజలు నల్లబడ్డాయి” అంది. మా అమ్మాయి నెయ్యి గిన్నె పట్టుకుని, కోటు కూడా సరిగా వేసుకోకుండా ఆవిడ వెంట వెళ్లింది. పాపను నేను ఆడిస్తూ కూర్చున్నాను. గంటన్నరకు గానీ రాలేదు. ఆవిడ ఒకప్పుడు పిల్లల వార్డులో నర్సుగా చేసిందట, పొంగల్లో మిరియాలు ఎక్కువైనా రెండుసార్లు పెట్టించుకుందట.

నా టికెట్ తేదీ రాసి ఫ్రిజ్‌కి అంటించిన కాగితం ఉంది. దాని కిందే ఆవిడ ఫోన్ నంబరు రాసింది మా అమ్మాయి.