ఇబ్బంది పెట్టని ఆర్టిస్టు

"అమ్మతో ఏ గొడవా ఉండదండీ" అని ప్రొడక్షన్ మేనేజర్లు నా గురించి చెప్పుకునేవారు. హీరో తల్లిగా, వదినగా వేసిన వేషాలకు రాని పేరు నాకు దీంతో వచ్చింది. ఇందుకు నేను పడ్డ పాట్లు ఎవరికీ తెలియవు. అవుట్‌డోర్ ఉందంటే పొద్దున కాఫీతో సరి, ప్యాకప్ చెప్పేదాకా గొంతులో చుక్క పడనిచ్చేదాన్ని కాదు.

క్యారవాన్లు లేని రోజులు. వచ్చాక మాత్రం మాబోటి వాళ్లకు ఎవరిచ్చారు? కోనసీమలో అయితే నయం. "రండమ్మా, కాళ్లు కడుక్కోండి" అని పక్కింటి వాళ్లే పిలిచేవారు. గండికోటలో ఏముంటుంది? పెన్నా లోయ అంచున అన్నీ ఎర్రటి బండలే. మే నెల ఎండలో పట్టుచీర, గిల్టు నగలు, సవరం. పైగా మొహం మీద రిఫ్లెక్టర్ వెలుగు. ప్రొడక్షన్ అబ్బాయి మజ్జిగ తెస్తే పెదాలు తడుపుకుని గ్లాసు తిరిగిచ్చేసేదాన్ని. బట్టలు మార్చుకోవాలంటే హెయిర్‌డ్రెస్సరు, మరో ఇద్దరు ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టేవారు. మిగతా అవసరానికి ఆ చాటు చాలదు కదా!

చివరికి చలిజ్వరం, నడుంనొప్పితో మంచం పట్టాను. ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకిందంది డాక్టరమ్మ. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారని అడిగితే, "షూటింగ్ ఉన్న రోజా, లేని రోజా?" అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

నా ఒంటికి నేను చేసుకున్నది సరే. కొత్తగా వచ్చిన అమ్మాయిలకూ ఇదే విద్య నేర్పాను. ఒక పిల్ల బాత్రూంకి వెళ్లాలి, కారు కావాలని అడిగింది. "ఇలాగైతే ఫీల్డులో ఎలా నిలబడతావే?" అని అందరి ముందూ కసిరాను. మానిటర్ దగ్గరున్న వాళ్లు నవ్వారు. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వుకు పొంగిపోయాను కూడా. ఆ పిల్ల సాయంత్రందాకా నీళ్లు ముట్టలేదు.

2024లో మలయాళ పరిశ్రమ మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక బయటికొచ్చింది. అందరూ అందులోని వేధింపుల గురించే మాట్లాడారు, మాట్లాడాల్సిందే. నేను మాత్రం టాయిలెట్ల సంగతి చదివి అక్కడే ఆగిపోయాను. సెట్లో మరుగుదొడ్లు లేక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తున్నారనీ, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటున్నారనీ రాశారు. అదే పనిని నేను క్రమశిక్షణ అని చెప్పి పిల్లల నెత్తిన రుద్దాను.

ఇప్పుడు డేట్ల కోసం ఎవరైనా ఫోన్ చేస్తే, లొకేషన్లో జూనియర్ ఆర్టిస్టులకు బాత్రూం ఎక్కడని ముందు అడుగుతున్నాను. రెమ్యునరేషన్ మాట ఆ తర్వాతే. కనుక్కుని చెబుతామన్న మేనేజర్లు కొందరు మళ్లీ ఫోన్ చేయలేదు.