అమ్మ రోమ్‌లో కొళాయి కట్టేయబోయింది

యూరప్ ట్రిప్ అనగానే మన ఫోన్లలో ఒకటే సినిమా నడుస్తుంది. ఐఫిల్ టవర్ ముందు ఒక రీల్, వెనిస్ పడవలో ఒక రీల్, రోమ్‌లో ట్రెవీ ఫౌంటెన్‌లోకి వెనక్కి తిరిగి నాణెం విసిరే రీల్. నేనూ అదే లిస్టు రాసుకున్నా. తొమ్మిది రోజులు, మూడు ఊళ్లు. కాకపోతే నా పక్కన అమ్మ ఉంది. లిస్టులో లేనివన్నీ ఆమె చూసింది.

మాది కడప జిల్లా, చక్రాయపేట వైపు ఒక పల్లె. అమ్మ పుట్టిల్లు మాత్రం మైదుకూరు దగ్గర, కె.సి. కెనాల్ కింద. 1860ల్లో ఒక ఇంగ్లిష్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా తవ్వించిన కాలువ అది. సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. అంటే అమ్మ కాలువ గట్టున పుట్టి, మెట్టలోకి కోడలిగా వచ్చింది. మా నాయన పదిహేనేళ్లలో ఏడు బోర్లు వేయించాడు. పడినవి రెండే. ఆఖరిది 900 అడుగులు పోయినా దుమ్మే లేచింది. ఆ అప్పులు నా మొదటి మూడేళ్ల జీతంతో తీరాయి. చెబితే చిన్న విషయమే, మోసినోళ్లకు తెలుస్తుంది.

నాయనను కూడా రమ్మన్నా. "ఎనుముల్ని ఎవురు చూస్తార్రా?" అన్నాడు. అంతే.

రోమ్‌లో మొదటి రోజే అమ్మ ఒక సందు మలుపులో ఆగిపోయింది. నడుం ఎత్తు ఇనుప స్తంభం, దాని వంకర గొట్టంలోంచి చల్లటి నీళ్లు ధారగా పడుతున్నాయి. అమ్మ చుట్టూ తిరిగి చూసింది, వెనక తడిమింది.

"కట్టేసేది యాడుందిరా? నీళ్లు ఊరికే పోతాండాయి."

దానికి కట్టేసే బిరడా ఉండదు. ఆ గొట్టం పెద్ద ముక్కులా ఉంటుందని వాటిని 'నాసోని' అంటారు. 1874 నుంచి ఉన్నాయి, ఊరంతా కలిపి సుమారు 2,500. గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, హాయిగా తాగొచ్చు. పైసా ఖర్చు లేదు. హోటల్లో నీళ్ల సీసాకు డబ్బులిచ్చి వచ్చిన అమ్మ, అక్కడే రెండు బాటిళ్లు నింపి బ్యాగులో పెట్టుకుంది.

ట్రెవీ దగ్గర జనం తోసుకుంటూ ఉంటే నేను ఆమెకు ఇంకో కథ చెప్పా. ఈ ఫౌంటెన్‌కు నీళ్లిచ్చే కాలువ మొదట కట్టింది క్రీస్తుపూర్వం 19లో. మోటారు లేదు, కరెంటు లేదు. నేల వాలు పట్టుకుని, దాదాపు 20 కిలోమీటర్ల దూరం నుంచి నీళ్లు నడిచొచ్చాయి. అలాంటి కాలువలు పాత రోమ్‌కు 11. "మా కాలువ మాదిరే" అంది అమ్మ.

అంత నీళ్లున్న ఊరికీ 2017 ఎండాకాలంలో కరువొచ్చింది. నాసోనిలను రోజుకు 30 చొప్పున మూసేస్తామని ప్రకటించారు. అసలు నష్టం పాత పైపుల లీకేజీల్లో ఉంటే ముక్కుల మీద పడ్డారని జనం గొడవ చేశారు. అది విని అమ్మ నవ్వింది. "యాడైనా అంతే."

తర్వాత వెనిస్. 2024 నుంచి రద్దీ రోజుల్లో ఒక్కరోజు చూసి పోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు, వెళ్లేవాళ్లు ముందే చూసుకోండి. చుట్టూ నీళ్లే, కానీ ఉప్పునీళ్లు. మరి వందల ఏళ్లు ఏం తాగి బతికారు? ప్రతి చిన్న కూడలి మధ్యలో మూత వేసిన రాతి గట్టు కనిపిస్తుంది. చూడ్డానికి బావి, కానీ కింద ఊట లేదు. నేలను గుంతగా తవ్వి, బంకమట్టి మెత్తి, ఇసుక నింపారు. కూడలిలో పడిన వాన ఇసుకలో వడకట్టుకుని మధ్య బావిలోకి చేరుతుంది. 1884లో ఒడ్డు నుంచి పైపు వచ్చేదాకా ఊరికి ఆ వాన నీళ్లే పెద్ద దిక్కు. అమ్మ ఆ గట్టు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రే నాయన ఫోన్. "టెంకాయతో పాయింట్ చూపించినా. ఈసారి ఖాయమంట. రెండు లక్షలు ఏస్తావా?"

చీనీ చెట్లు ఎండుతున్నాయి, ఆయన బాధ నాకు తెలుసు. డబ్బులు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు వద్దనడం ఎంత కష్టమో, ఇంట్లో బోర్లు వేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

జవాబు పారిస్‌లో దొరికింది. అక్కడ వీధుల్లో పచ్చరంగు తాగునీటి ఫౌంటెన్లుంటాయి. 1870-71 యుద్ధంలో పారిస్ నలిగిపోయాక, రిచర్డ్ వాలెస్ అనే ఇంగ్లిషాయన తన డబ్బుతో 1872 నుంచి పెట్టించాడు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అన్నం పెట్టినట్టు, ఈయన నీళ్లు పోశాడన్నమాట. అక్కడ బాటిల్ నింపుతూ అమ్మే మొదలెట్టింది.

"ఉపాధి పనిలో పంటకుంట తవ్విస్తామంటే మీ నాయన వద్దన్యాడు, నేల పోతాదని. సముద్రంలో ఉండేటోళ్లే వాన పట్టుకున్యారు. మనకేం రోగం? బోరుకు ఒక్క పైసా ఇయ్యొద్దు."

అదే మాట నేను నాయనకు చెప్పా. బోరుకు డబ్బు పంపను, కుంటకైతే ఎంతైనా పంపుతా అన్నా. ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు. ఐఫిల్ టవర్ కింద మేం దిగిన ఫొటో కూడా చూడలేదు.

చివరికి వాలు చూసి, చేను దిగువన కుంట తవ్వించాం. సెప్టెంబరు వానకు ముప్పావు వంతు నిండింది. చెట్లన్నీ బతికాయా అంటే లేదు, సగం పోయాయి. మిగతా సగం చిగురేశాయి. కొత్త అప్పు మాత్రం లేదు.

మీరు కూడా వెళ్తే ఖాళీ బాటిల్ తీసుకెళ్లండి. పారిస్ హోటళ్లలో భోజనంతోపాటు 'కరాఫ్ దో' అని అడగండి, మామూలు నీళ్లు ఉచితంగా ఇస్తారు. వీలైతే అమ్మనో నాయననో తీసుకెళ్లండి. గైడు చెప్పనివి వాళ్లు చూస్తారు.

మొన్న నాయన ఫోన్ చేసి అన్నాడు: "మల్లా మీ యమ్మను యాడికి తీస్కపోతాండావో ముందే చెప్పురా. వచ్చినాక ఏం తవ్వాల్నో సిద్ధంగా ఉంటా."