తారస్థాయి

వేసవి వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల ముందు భారత ఉత్సవాలు మొదలవుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జున తపస్సు నాడు కళాకారుడు ఎత్తయిన తపసు మానును పద్యాలు పాడుతూ ఎక్కుతాడు. కింద కొంగులు పట్టి నిలిచిన స్త్రీలకు పైనుండి నిమ్మపండ్లు, విభూతి ప్రసాదంగా విసురుతాడు. మైకులు లేని కాలంలో ఆ పద్యం జనసమూహపు చివరి అంచు వరకు వినపడవలసిందే. అందుకు దేహబలం ఒక్కటే చాలదు. తారస్థాయిలో నిలిచే కంఠం కావాలి.

మన సంగీత శాస్త్రం గాన సంచారాన్ని మంద్ర, మధ్య, తార స్థాయులుగా విభజించింది. పాశ్చాత్యులు గొంతులకే పేర్లు పెట్టారు. పురుషుని హెచ్చు శ్రుతి కంఠాన్ని వారు ‘టెనర్’ అంటారు. ‘పట్టి నిలుపుట’ అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి ఈ మాట పుట్టింది. మధ్యయుగాల చర్చి సంగీతంలో మూల స్వరధారను దీర్ఘంగా పట్టి నిలిపిన గొంతుకు ఆ పేరు వచ్చింది.

ఇటలీలో పుట్టిన సంగీత నాటకం ఆపెరా. పందొమ్మిదో శతాబ్దపు ఆపెరాలలో నాయక పాత్ర చాలావరకు టెనర్ గాయకునిదే. వాద్యబృందం హోరును దాటి, మైకు సాయం లేకుండా అతని పాట కడపటి వరుసకు చేరాలి. సాధన చేసిన కంఠం సెకనుకు సుమారు 3000 కంపనాల వద్ద తన నాదశక్తిని కేంద్రీకరిస్తుంది. అక్కడ వాద్యాల బలం తక్కువ కనుక గొంతు తేటగా వినిపిస్తుంది. నేపుల్స్‌లో జన్మించిన కరూసో (1873–1921) కంఠాన్ని గ్రామఫోను రికార్డులు దేశదేశాలకు చేర్చాయి. 1990లో రోమ్ నగరంలో పవరోట్టి, డొమింగో, కరేరాస్ కలసి పాడిన కచేరీని టెలివిజన్ ప్రపంచమంతటికీ చూపింది.

అయితే ఎత్తు పెరిగే కొద్దీ ఒక ప్రమాదమూ పొంచి ఉంటుంది. 1837లో పారిస్‌లో రోసీని స్వరపరచిన ‘విలియం టెల్’ ఆపెరాలో డ్యుప్రే అనే టెనర్, అత్యున్నత స్వరాన్ని మునుపటివారి వలె సన్నగా కాక నిండు గొంతుతో పలికాడు. సభ ఉప్పొంగింది. స్వరకర్తకు మాత్రం అది రుచించలేదు. అయినా ప్రేక్షకుల మాటే నెగ్గింది. నాటి నుండి ఆ స్వరమే టెనర్ గాయకునికి గీటురాయి అయింది.

ఈ వివాదం తెలుగు రంగస్థలానికీ పరిచితమే. పద్యం ముగిశాక సాగే రాగాలాపనకు ‘వన్స్‌మోర్’ కేకలు మోగేవి. యుద్ధానికి బయలుదేరిన వీరుడు కదలక నిలిచి రాగం తీసేవాడు. పద్యం మరుగున పడి, గొంతు మాత్రమే మిగిలేది. రాయలసీమ బిడ్డ బళ్లారి రాఘవ (1880–1946) భావాన్ని విడిచి రాగం వెంట పోయే నటనను అంగీకరించలేదు.

ఆ రంగస్థలం నుండే ఒక భిన్నమైన కంఠం వెలువడింది. 1904లో జన్మించిన ఉప్పలదడియం నాగయ్య చిత్తూరులోని శ్రీరామ విలాస సభ ప్రదర్శించిన ‘సారంగధర’లో చిత్రాంగి పాత్ర ధరించి పేరు పొందారు. క్రమంగా ఊరి పేరే ఇంటిపేరై ఆయన చిత్తూరు నాగయ్య అయ్యారు. సినిమా మైకు ముందుకు వచ్చిన నాగయ్య గొంతును మరింత ఎత్తలేదు, తగ్గించారు. స్వయంగా దర్శకత్వం వహించి నటించిన ‘త్యాగయ్య’ (1946)లో ఆయన పాట ఏకాంత ప్రార్థన వలె వినిపిస్తుంది. ప్రతి మాటా స్పష్టం, ప్రతి స్వరమూ అర్థానికి విధేయం. 1965లో పద్మశ్రీ పురస్కారం ఆయనను వరించింది.

తపసు మాను మీది అర్జునునికి ఎత్తు అవసరం. మైకు ముందరి త్యాగయ్యకు ఆ అవసరం లేదు. ఇద్దరూ నిలుపవలసినది మాత్రం ఒక్కటే: మాటలోని ప్రాణం. తారస్థాయిని అందుకున్న గొంతును జనం ఆశ్చర్యంతో వింటారు. అర్థాన్ని పట్టి నిలిపిన గొంతును గుండెలో దాచుకుంటారు.